స్కిడాడిల్ ఎక్కడిది?

నిఘంటువు చదవడం ఒక వ్యసనం. ఒక మాట కోసం తెరుస్తాం, పక్కనున్న ఇంకో మాట పట్టుకుని కూర్చోబెట్టేస్తుంది. ఈ వారం నన్నలా కూర్చోబెట్టిన ఇంగ్లీషు క్రియ స్కిడాడిల్. కాలికి బుద్ధి చెప్పడమే దాని అర్థం. వెనక నుంచి భయమో, తొందరో తరుముతుంటే తీసే పరుగు అది. అల్లరి పిల్లల్ని ‘ఇక పొండి, పొండి’ అని తరిమేటప్పుడూ వాడతారు. ఇవాళ నవ్వు పుట్టించే ఈ మాటకు పేరొచ్చింది మాత్రం యుద్ధంలో.

అమెరికా అంతర్యుద్ధం 1861 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ ఏడాదే ఈ మాట అక్కడి పత్రికలకెక్కింది. అది సైనికుల యాస. అవతలివాడు వెన్ను చూపితే స్కిడాడిల్ అని వెక్కిరింత. మనవాళ్లే పరుగెత్తితే చెప్పుకోవడానికి మర్యాదైన పేర్లు వేరే ఉంటాయి, ఏ సైన్యంలోనైనా! ఆ జులై 21న వాషింగ్టన్‌కు దగ్గర్లో, బుల్ రన్ అనే వాగు దగ్గర ఉత్తరాది సేన ఓడి చెల్లాచెదురైంది. గెలుపు చూద్దామని ఫలహారాలు కట్టుకుని బళ్లలో వచ్చిన పెద్దమనుషులు, వాళ్లలో చట్టసభల సభ్యులు కూడా, సైనికులతో కలిసి పడుతూ లేస్తూ రాజధాని దారి పట్టారు.

1863లో ఉత్తరాది ప్రభుత్వం నిర్బంధ సైనిక సేవకు చట్టం తెచ్చింది. 300 డాలర్లు కట్టినవాడికి మినహాయింపు, బదులుగా ఇంకో మనిషిని పంపినా సరే. అటువంటి స్తోమతు ఎందరికుంటుంది? కొందరు మెయిన్ రాష్ట్రం పొలిమేర దాటి, అప్పట్లో బ్రిటిష్ వలసగా ఉన్న న్యూ బ్రన్స్‌విక్‌లోకి ఉడాయించారు. అక్కడొక గుట్ట ప్రాంతానికి స్కిడాడిల్ రిడ్జ్ అనే పేరే స్థిరపడిపోయింది.

మాట ప్రయాణం తెలిసింది సరే, పుట్టుకో? గ్రీకు చదువుకున్నవాళ్లు వెంటనే ‘స్కెడాన్నుమి’ని చూపించారు. చెదరగొట్టడం అని దానికి అర్థం. ధ్వని కుదిరింది, అర్థమూ కుదిరింది. కానీ పొలం వదిలి తుపాకీ పట్టిన కుర్రాడి నోటికి ఆ ప్రాచీన క్రియను ఎవరు అందించినట్టు? ఐరిష్ మూలం అన్నవాళ్లూ ఉన్నారు, గట్టి ఆధారం చూపలేదు. స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్ మాండలికాల్లో ఒలికిపోవడమనే అర్థంలో ఈ మాట ఉండేదన్న వాదన నాకు ముచ్చటేసింది. నడకకు పాలబిందె తొణికి చుక్కలు దారిపొడుగునా చిందుతుంటాయే, అదన్నమాట. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు ఇంకో దారి పట్టి, బెదిరి పారిపోవడమనే అర్థమున్న ‘స్కాడిల్’ అనే మాండలికపు మాటను చూపుతుంది. అయితే దాని ముందు ‘బహుశా’ అని పెట్టుకుంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు మూలం తెలియదని ఒక్క ముక్కలో తేల్చేశారు.

నా ఓటు ఆక్స్‌ఫర్డ్‌కే. అందంగా అతికిన కథ కనబడితే నమ్మేయాలనే అనిపిస్తుంది, అక్కడే అనుమానం రావాలి. అనుమానానికి నిలబడే కథ ఎలా ఉంటుందో మన పందికొక్కును చూడండి. ఇంగ్లీషులో అది బ్యాండికూట్ అయింది. ఈ కథను అందరూ ఒప్పుకుంటారు. ధ్వని దగ్గరగా ఉంది, జంతువు కళ్లముందుంది, పైగా 1611 నుంచే ఈస్టిండియా కంపెనీ వాళ్లు మచిలీపట్నంలో కొట్టు పెట్టుకుని ఉన్నారు. మాట చేతులు మారడానికి మనుషులు కలవాలి కదా! తర్వాత ఆ పేరును ఆస్ట్రేలియాకు మోసుకుపోయి, పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని జంతువుకు తగిలించారు, అది వేరే సంగతి. మనం రోజూ వాడే ‘పరారు’ కూడా ఇలాగే దొరికిపోతుంది. అరబ్బీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి వచ్చి కూర్చుంది. ఆ దారిలో మనుషులున్నారు, కాగితాలున్నాయి. స్కిడాడిల్ గ్రీకు కథకు అవి రెండూ లేవు.

ఫలానా ఇంగ్లీషు మాట సంస్కృతం నుంచో, తెలుగు నుంచో పుట్టిందని మీ ఫోన్లకూ వారానికొకటైనా వస్తూనే ఉంటుంది. పంపినవాళ్లను రెండే అడగండి: ఏ ఏడాది, ఎవరి నోట? జవాబు వచ్చాకే నలుగురికీ పంపండి.