"దేవుడు మనలను రోబోలుగా చేయలేదు": ఒక ప్రసంగ దృష్టాంతంపై విమర్శ

స్వేచ్ఛను గూర్చి బోధించేటప్పుడు మన ప్రసంగికులు తరచుగా వాడే మాట ఒకటున్నది. దేవుడు మనలను రోబోలుగా చేయలేదు, లోబడుటకైనా తిరుగబడుటకైనా స్వేచ్ఛనిచ్చాడు అని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘాలలో మేమూ దీనిని విన్నాము, వాడాము కూడా. రోబో అంటే చెప్పినట్లు చేసే యంత్రమని ఈ దృష్టాంతం భావిస్తున్నది. అయితే రోబోను మనకు పరిచయం చేసిన సాహిత్యం అంత తేలికగా మాట్లాడదు.

ఆ పదం చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన 'ఆర్.యు.ఆర్.' నాటకంతో లోకానికి వచ్చింది. దాని మూలం 'రోబోట', అనగా వెట్టిచాకిరి. చాపెక్ రోబోలు ఇనుముతో చేసినవి కావు, చూపుకు మనుషులే. వారు తిరుగబడి మానవజాతిని నిర్మూలిస్తారు. తమవలె చేతులతో పనిచేసేవాడని ఆల్క్విస్ట్ అనే ఒక్కణ్ణి బ్రతుకనిస్తారు. చివరి అంకంలో రోబోల మర్మం తెలుసుకొనుటకు అతడు హెలెనా అనే రోబోను కోయబోతే, ప్రైమస్ అనే మరొక రోబో తన్ను కోయమంటాడు. సరే ప్రైమస్‌నే కోస్తానంటే, హెలెనా తన ప్రాణం ఇస్తానంటుంది. అప్పుడు ఆల్క్విస్ట్ వారిని ఆదాము హవ్వలని పిలిచి పంపివేస్తాడు. మనిషి ముఖం వారికి మొదటినుండి ఉన్నది. ఆ పేరు మాత్రం ఇప్పుడే దొరికింది. యోహాను 15:13 ఎరిగినవారికి ఇంతకంటె వివరణ అక్కరలేదు.

ఐజక్ అసిమోవ్ 1940 నాటి కథలో రాబీ యంత్రంవంటి రోబో. లోహపు శరీరం, మాటలు రావు. దానికి ఆత్మ లేదని తల్లి అభ్యంతరం. అయినా కర్మాగారంలో వాహనం క్రింద పడబోయిన పిల్లను అదే కాపాడుతుంది. అయితే రాబీ మరొక విధంగా చేయలేడు, అతణ్ణి అట్లే చేశారు. ఇక్కడ మన దృష్టాంతానికి కొంత బలం ఉన్నదని ఒప్పుకొంటున్నాము.

2010లో మన థియేటర్లకు వచ్చిన శంకర్ చిత్రం 'రోబో'లో చిట్టికి తనను చేసిన శాస్త్రవేత్త రూపమే ఉంటుంది. భావోద్వేగాలు కలిగిన తరువాత అతడు చేసేదేమి? సనను ఆశించి ఎత్తుకుపోవడం, తన ప్రతులను విస్తరింపజేయడం. చిత్రం దీనిని మనిషితనం అంటున్నది. ఆదికాండము 1:26ను కొలొస్సయులకు 1:15తో కలిపి చదివేవారు, ఏ మనిషి పోలిక అని అడుగవలసియున్నది. ఆ ప్రశ్న అడిగినది చాపెక్ ఒక్కడే అని మా అభిప్రాయం.

మన శ్రోతల సంగతి వేరు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్ల కర్మాగారం నడుస్తున్నది. అక్కడ వెల్డింగ్ చేసే రోబోలకు ముఖం లేదు, ఒక చెయ్యి మాత్రమే. ధర్మవరంలో మరమగ్గాల చప్పుడు నడుమ చేతిమగ్గం నేసే విశ్వాసి, యంత్రం తిరుగబడుతుందని భయపడడు. అలసిపోకుండా లోబడుతుందనే అతని దిగులు. నీవు రోబోవు కావు అని అతనితో చెప్పినందువలన కలిగే ఆదరణ కొంచెమే. స్వేచ్ఛను గూర్చిన ప్రసంగాన్ని ఒకసారి నిర్గమకాండము 5వ అధ్యాయంలోని ఇటుకల లెక్క దగ్గర మొదలుపెట్టి చూడమని సేవకులకు మా మనవి. చాపెక్ పదంలోని వెట్టి అక్కడ ఉన్నది.