లార్డు - భర్త

ఆంగ్లేయుల ‘లార్డు’ అను బిరుదమును మనవారు ‘ప్రభువు’ అని తెనిగించుచున్నారు. అది తప్పు గాదు; కాని యా మాట పుట్టిన యిల్లు ఈ తెనుగున కానరాదు.

ప్రాచీనాంగ్లమున ‘హ్లాఫ్’ అనగా రొట్టె, ‘వెయర్డ్’ అనగా కాపరి. ఈ రెండును గలిసి ‘హ్లాఫోర్డ్’ అయి, కాలక్రమమున నరిగి ‘లార్డు’గా నిలిచినది. అతనిని ఆశ్రయించియుండు సేవకునకు ‘రొట్టె తినువాడు’ అని పేరు. ఏడవ శతాబ్దారంభమున కెంటు దేశము నేలిన ఎథెల్‌బెర్టు శాసనములలో ఈ పేరు గలదు. ఇక ‘లేడీ’ యనగా రొట్టెకు పిండి పిసుకునామె యని పండితులు చెప్పుదురు. కాబట్టి ఈ బిరుదము కత్తినుండి గాక వంటయింటినుండి పుట్టినది.

మన సంస్కృతమునను ఇట్టి మాట గలదు. ‘భృ’ ధాతువునకు భరించుట, పోషించుట యని యర్థము. పోషించువాడు భర్త, ఈ పదము ఏలికకును పెనిమిటికిని చెల్లును. పోషింపబడవలసినవాడు భృత్యుడు, పోషింపబడవలసినది భార్య. ఇచట నొక భేదము చూడుడు. వారి మాటలో ఇల్లాలు పని చేయుచున్నది. మన మాటలో సేవకుని పంక్తిన కూర్చుండి తినుచున్నది. తెల్లవారకమునుపే లేచి పొయ్యి రాజేయు మన తల్లులను చూచినవారు ఈ వ్యుత్పత్తిని సత్యమనజాలరు.

ఈ యాక్షేపణ క్రొత్తది గాదు. భారతమున ఆదిపర్వమందు దీర్ఘతముడను జాత్యంధుడగు ఋషికి ప్రద్వేషి యను భార్య గలదు. భరించువాడు గదా భర్త, నిన్నును బిడ్డలను నేనే భరించుచున్నాను, ఇక నావలన గాదని యామె పలికినది. ఋషి ధనము చూపెదననెను. ఆమె యొల్లకపోగా, మగడు బ్రదికినను చచ్చినను స్త్రీకి ఒక్కడే పతి యని కట్టడి చేసెను. ప్రశ్నకు కట్టడి సమాధానము గాదు. ఆ కట్టడివలన మన వితంతువులు పడిన పాట్లు చదువరులెరుగుదురు.

అట్లని ఇంగ్లండును పొగడ బనిలేదు. పెండ్లియైన స్త్రీ కూలి యామె సొత్తే యని యచటి శాసనము 1870లో గాని యొప్పుకొనలేదు. ప్రభువుల సభలో స్త్రీలకు 1958 వరకు పీఠము లేదు. పేరున నున్న గౌరవము బ్రదుకున లేదు.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, సైనిక విద్యావిశిష్టతలు తక్క బిరుదములను ప్రభుత్వమీయరాదని 18వ అధికరణమున శాసించినది. కాని యే ప్రభుత్వమును ఈయని బిరుదము మన ప్రతి యింటను గలదు. దానిని పెండ్లినాడు పొందినవాడు, ఆ మాటకు తగిన భారము వహించుచున్నాడా యని తన్ను తానే యడుగుకొనవలెను. జీతము తెచ్చుచు వంటయు చేయుచున్న స్త్రీని ‘భార్య’ యనుట వ్యాకరణమునకు సరియే, న్యాయమునకు గాదు. మనకు ‘సహధర్మచారిణి’ యను మాట గలదు. దానిని శుభలేఖలలో నచ్చొత్తించుట చాలదు. ఇంటి భారమును చెరిసగము మోయుట నేర్వవలెను.