నలభైల్లో నూరు మీటర్లు

నలభై ఒకటో ఏట మొదటిసారి స్పైక్స్ కొన్నాను. అంతకుముందు పదేళ్లుగా పొద్దున్నే నడిచేవాణ్ణి. వారానికోసారి ఐదు కిలోమీటర్లు జాగింగ్ కూడా చేసేవాణ్ణి. అలాంటివాడికి నూరు మీటర్లు ఏపాటి అనుకుని మొదటి రోజే ఆరుసార్లు పరుగెత్తాలని దిగాను. నాలుగోసారి, అరవై మీటర్లు దాటాక, కుడి తొడ వెనక ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. ఆరు వారాలు కుంటుతూ నడిచాను. ఆ మైదానంలో పిల్లలకు నేర్పే కోచ్ నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. ఐసు ముక్కల తువ్వాలు నా కాలికి చుడుతూ, "అన్నా, మీకు పరుగెత్తడం వచ్చు. స్ప్రింట్ రాదు. అది నేర్చుకోవాల్సిన విద్య" అన్నాడు.

సంగీతానికి వెళ్లినవాళ్లు సరళీ వరసలతో మొదలుపెడతారు. తిన్నగా కృతి ఎత్తుకునేవాళ్లు ఉండరు. స్ప్రింట్‌లో నూరు మీటర్లు కృతి లాంటిది. నేను మొదటి రోజే దాన్ని నాలుగుసార్లు పాడబోయాను.

మన దగ్గర చాలామందికి ఈ పరుగుతో పరిచయం రెండు చోట్లే. ఒకటి, పంద్రాగస్టుకు బడిలో సున్నం గీతల మధ్య పెట్టే పందెం. రెండు, పోలీసు ఉద్యోగానికి కొట్టే 'ఈవెంట్స్'. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఎంపికలో జనరల్ మగ అభ్యర్థులకు నూరు మీటర్ల గడువు 15 సెకన్లు. ఆ గడువు అందుకోవడానికి హైస్కూలు మైదానాల్లో నెలల తరబడి చెమటోడ్చిన కుర్రాళ్లు, ఉద్యోగం వచ్చినా రాకపోయినా, మళ్లీ ఆ పరుగు జోలికి పోరు. పాతికేళ్లకే ఒంట్లోని వేగానికి సెలవిచ్చేస్తాం. మారథాన్లకు వేలమంది పేర్లిస్తున్న ఈ రోజుల్లో కూడా పెద్దవయసులో స్ప్రింట్ నేర్చుకుంటానంటే ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. ఆ కంగారు అర్థంలేనిది కాదు. నేర్చుకోకుండా పరుగెత్తితే నాకైనట్టే అవుతుంది.

నేర్చుకోవాల్సినదాంట్లో మొదటిది బయల్దేరడం. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్ నూరు మీటర్ల పందెంలో అమెరికాకు చెందిన థామస్ బర్క్ ముందుకు వంగి, చేతులు నేలకానించి బయల్దేరి 12 సెకన్లలో గెలిచాడు. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు పరుగువీరులు ట్రాక్ మీద కాళ్లకు పట్టుగా గుంటలు తవ్వుకునేవారు. 1936లో బెర్లిన్‌కు వచ్చిన జెస్సీ ఓవెన్స్ కూడా చిన్న తాపీతో గుంటలు తవ్వుకునే పరుగు పందేల్లో స్వర్ణాలు గెలిచాడు. ఒలింపిక్స్‌లోకి స్టార్టింగ్ బ్లాక్స్ వచ్చింది 1948 లండన్‌లో. గుంటైనా బ్లాకైనా చేసే పని ఒకటే, వెనక్కి తన్నడానికి ఒక గోడ ఇవ్వడం.

బ్లాక్స్ అమర్చడానికి టేపు అక్కర్లేదు, సొంత పాదమే కొలత. గీత నుంచి రెండు పాదాల దూరంలో ముందు బ్లాక్, మూడు పాదాల దూరంలో వెనక బ్లాక్ పెట్టి చూడండి. ఒంటి తీరును బట్టి తర్వాత సర్దుకోవచ్చు. 'ఆన్ యువర్ మార్క్స్' అనగానే వేళ్లు గీతకు వెనక, చేతులు భుజాలంత ఎడంగా. 'సెట్' అన్నప్పుడు నడుం భుజాలకంటే కొంచెం పైకి లేవాలి. ముందు మోకాలు దాదాపు లంబకోణంలో ఉండాలి. కొత్తవాళ్లు ఇక్కడ చేసే తప్పు తలెత్తి గమ్యం వైపు చూడటం. తల లేస్తే నడుం దిగిపోతుంది, తన్నాల్సిన బలం గాల్లోకి పోతుంది. చూపు గీతకు అడుగు దూరంలో నేల మీదే ఉండాలి. గన్ పేలగానే అడుగు వేయాలన్న ఆలోచన వదిలేసి, బ్లాక్స్‌ను రెండు కాళ్లతోనూ వెనక్కి నెట్టేయాలి. అడుగు దానంతటదే పడుతుంది.

గన్ పేలాక సెకనులో పదో వంతు లోపు కదిలినా తప్పే. అంత త్వరగా విని కదలడం మనిషికి సాధ్యం కాదని, ముందే ఊహించి లేచాడని లెక్క. 2010 నుంచి పెద్ద పోటీల్లో ఒక్క ఫాల్స్ స్టార్ట్‌కే బయటికి పంపేస్తున్నారు. పెద్దవయసువాళ్లకు పెట్టే మాస్టర్స్ పోటీల్లో మాత్రం వంగి బయల్దేరడం, బ్లాక్స్ వాడటం తప్పనిసరి కాదు. మోకాళ్లు సహకరించనివాళ్లు నిలబడే బయల్దేరవచ్చు. నేను మొదటి రెండు పోటీలూ అలాగే పరుగెత్తాను.

మొదటి ముప్పై మీటర్లు ఒంటిని ముందుకు వాల్చి నేలను వెనక్కి నెడుతూ, మెల్లమెల్లగా నిటారవుతూ వెళ్లాలి. బరువైన తోపుడు బండిని కదిలించేటప్పుడు ఒళ్లు ఎలా వాలుతుందో గుర్తు తెచ్చుకోండి, అదే తీరు. బండి వేగం అందుకున్నాక ఒళ్లు నిలబడుతుంది. ఆ తర్వాత నెట్టే పని అయిపోయి కొట్టే పని మొదలవుతుంది. పాదం పైనుంచి దిగి నేలను చరిచి లేవాలి.

వేగంగా పరుగెత్తేవాళ్లు కాళ్లు వేగంగా ఆడిస్తారని మనందరి నమ్మకం. పీటర్ వేయండ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకాన్ని తిరగేసింది. గాల్లో కాలు వెనక నుంచి ముందుకు రావడానికి పట్టే సమయంలో వేగమైనవాళ్లకూ నెమ్మదివాళ్లకూ పెద్ద తేడా లేదు. తేడా అంతా పాదం నేలకు తగిలిన ఆ కాస్త క్షణంలో నేల మీద పెట్టే బలంలో ఉంది. నా పరుగును మార్చింది ఈ ఒక్క విషయమే. అప్పటిదాకా అడుగు పొడవు పెంచాలని కాలు ముందుకు చాచేవాణ్ణి. పాదం ఒంటికి ముందు పడిన ప్రతిసారీ అది బ్రేకు. చాచిన కాలి తొడ వెనక కండరం మీద భారం కూడా అప్పుడే పెరుగుతుంది. నా తొడ పట్టేసిన కారణాల్లో ఇదొకటి. పాదం నడుం కిందికి దిగాలి, మడమ బరువు మోయకూడదు, కాలివేళ్లు పైకి బిగించి ఉండాలి.

చేతులు ముందుకొచ్చినప్పుడు గడ్డం దాకా, వెనక్కి వెళ్లినప్పుడు తుంటి దాటి ఊగాలి. వాటిలో బిగువు ఉండకూడదు. కోచ్ నాకు రెండేసి వేళ్ల మధ్య అప్పడం ముక్క పెట్టి, విరక్కుండా అరవై మీటర్లు పరుగెత్తమన్నాడు. మొదటి వారం అన్నీ పొడైపోయాయి. అప్పడం విరక్కుండా పరుగెత్తిన రోజు స్టాప్‌వాచ్‌లో కూడా తేడా కనబడింది. పళ్లు బిగించి, మెడ నరాలు తేలేలా పరుగెత్తితే శ్రమ పడినట్టు అనిపిస్తుంది కానీ, ఆ బిగువంతా కాళ్లకు అడ్డమే.

2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో నూరు మీటర్లు పూర్తి చేశాడు. అరవై నుంచి ఎనభై మీటర్ల మధ్య దూరానికి అతనికి పట్టింది 1.61 సెకన్లు, ఆఖరి ఇరవై మీటర్లకు 1.66. అంటే అతని వేగం కూడా చివర్లో తగ్గింది. ఆఖర్న దూసుకెళ్లినట్టు కనబడేవాడు నిజానికి మిగతావాళ్లకంటే తక్కువ నెమ్మదించినవాడు. పెద్దవయసులో మొదలుపెట్టినవాళ్లం ముప్పై నలభై మీటర్లకే పూర్తి వేగం అందుకుంటాం. మిగతా అరవై మీటర్లూ ఆ వేగాన్ని జారిపోకుండా కాపాడుకోవడమే.

ఇక సాధన. ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. మనకు కష్టపడటం అంటే ఆగకుండా చెయ్యడం. స్ప్రింట్‌లో ఆగడం కూడా సాధనే. పూర్తి బలంతో పరుగెత్తేటప్పుడు కండరం తనలో నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ మీద ఆధారపడుతుంది. అది కొద్ది సెకన్లలో తరిగిపోతుంది, మళ్లీ నిండడానికి నిమిషాలు పడుతుంది. అది నిండకముందే మళ్లీ పరుగెత్తితే అది వేగం సాధన కాదు, అలసట సాధన. కోచ్‌లు చెప్పే లెక్క పది మీటర్లకు ఒక నిమిషం విశ్రాంతి. ముప్పై మీటర్లు పరుగెత్తితే మూడు నిమిషాలు, అరవైకి ఆరు. నాలుగు సెకన్ల పరుగుకు మూడు నిమిషాలు ఊరికే నిలబడటం మొదట్లో సిగ్గుగా ఉంటుంది, చూసేవాళ్లు ఏమనుకుంటారోనని. నిలబడండి. దీర్ఘదూరం పరుగెత్తి వచ్చినవాళ్లకు ఇదే అన్నిటికంటే కష్టమైన పాఠం.

వారంలో స్ప్రింట్ రోజులు రెండు చాలు, వాటి మధ్య కనీసం 48 గంటల ఎడం ఉండాలి. మొదటి రెండు నెలలు అసలు పూర్తి వేగం వద్దు. చిన్న ఎగువ దొరికితే దాని మీద ఇరవై మీటర్ల పరుగులు మంచివి. ఎగువన కాలు ముందుకు చాపే వీలు ఉండదు, నెట్టడం దానంతటదే వస్తుంది, తొడ వెనక కండరానికి ప్రమాదం తక్కువ. తర్వాత గడ్డి మీద లేదా మట్టి మీద ముప్పై మీటర్లు, నాలుగైదు సార్లు. మామూలు రన్నింగ్ షూ సరిపోతుంది. సింథటిక్ ట్రాక్, స్పైక్స్ ఆ తర్వాతి మాట. స్పైక్స్ వేసుకుంటే మడమ కిందికి జారి పిక్కల మీద, మడమ వెనక స్నాయువు మీద భారం పెరుగుతుంది. వాటిని మొదట వారానికోసారి, అదీ నాలుగు పరుగులకే వాడండి.

వేడెక్కడానికి అరగంట పెట్టండి. పరుగుకంటే వార్మప్ ఎక్కువసేపు పడుతుంది, అదే సరైన పద్ధతి. నెమ్మదిగా రెండు రౌండ్లు, కాళ్లు ఊపడం, ఆ తర్వాత 'ఎ స్కిప్' లాంటి డ్రిల్స్, చివర్న నాలుగు పరుగులు ఒకదానికంటే ఒకటి కొంచెం వేగంగా. ఈ డ్రిల్స్‌ను ఒక క్రమంలో పెట్టినవాడు పోలండ్ కోచ్ గెరార్డ్ మాక్. మోకాలు ఎత్తడం, పాదం నడుం కిందికి దించడం, ఇలా పరుగును ముక్కలు చేసి ఒక్కో ముక్కనూ ఒంటికి నేర్పుతాయి. ఇవే మన సరళీ వరసలు. మిగతా రోజుల్లో రెండుసార్లు బలం కోసం గుంజీలు, మెట్లెక్కడం, బరువులు. నార్డిక్ వ్యాయామం మాత్రం మానొద్దు. మోకాళ్ల మీద నిలబడి, చీలమండలు ఎవరినైనా గట్టిగా పట్టుకోమని, ఒళ్లు తిన్నగా ఉంచి ముందుకు మెల్లగా వాలడమే అది. తొడ వెనక కండరం గాయాలను తగ్గిస్తుందని ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. ఇది మొదలుపెట్టాక ఈ ఐదేళ్లలో నాకు మళ్లీ తొడ పట్టలేదు.

ఇంత శ్రమ ఎందుకంటే, వయసుతో మనం ముందుగా పోగొట్టుకునేది వేగమే. కండరాల్లో త్వరగా ముడుచుకునే తంతువులు మెల్లగా ముడుచుకునేవాటికంటే ఎక్కువగా సన్నబడతాయి. నడక వాటిని పెద్దగా పలకరించదు. కాలు జారినప్పుడు పడిపోకుండా ఇంకో కాలు చటుక్కున ముందుకు రావాలంటే ఆ తంతువులే కావాలి. మా నాన్న డెబ్బై నాలుగో ఏట గడప దగ్గర తూలి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచిన మనిషి. ఆయనకు లేనిది ఓపిక కాదు, ఆ ఒక్క చురుకైన అడుగు.

పోటీ మాటకొస్తే, ప్రపంచ మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో 35 ఏళ్ల నుంచి ఐదేళ్లకో వర్గం. పోటీ పడేది మీ ఈడువాళ్లతోనే. చండీగఢ్‌కు చెందిన మన్ కౌర్ 93 ఏళ్లకు పరుగు మొదలుపెట్టి, 2017లో 101 ఏళ్ల వయసులో ఆక్లండ్ ప్రపంచ మాస్టర్స్ క్రీడల్లో నూరు మీటర్లు 74 సెకన్లలో పూర్తి చేసింది. 2022లో వడోదరలో హర్యానాకు చెందిన 105 ఏళ్ల రామ్‌బాయి 45.40 సెకన్లలో పరుగెత్తింది. రెండో కొసన స్ప్రింటర్ కిమ్ కాలిన్స్ ఉన్నాడు. 40 ఏళ్ల వయసులో 9.93 సెకన్లు.

పోటీకి వెళ్లాక సమయాన్ని చదవడం కూడా తెలియాలి. చేతి వాచీలో వచ్చిన సమయం ఎలక్ట్రానిక్ సమయంకంటే దాదాపు 0.24 సెకన్లు తక్కువ చూపిస్తుంది. కాబట్టి మైదానంలో వచ్చిన అంకె మీట్‌లో రాకపోతే దిగులు వద్దు. గాలి వీపున సెకనుకు 2 మీటర్లకంటే ఎక్కువ వేగంతో వీస్తే రికార్డు లెక్కలోకి రాదు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2022లో కోళికోడ్‌లో నూరు మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో దాటింది. జాతీయ రికార్డు కన్నా అది మెరుగే. గాలి 2.1 ఉండటంతో లెక్కించలేదు. కొన్ని వారాలకే సైప్రస్‌లో 13.23తో పాత రికార్డును నియమబద్ధంగా చెరిపేసింది. మరుసటి ఏడాదికి 12.78. నిరాశను సాధనగా మార్చుకోవడం ఎలాగో కొత్తగా దిగేవాళ్లు ఆమెను చూసి నేర్చుకోవచ్చు.

నా మొదటి పోటీ సమయం 16.4. ఇప్పుడు 14.1. పతకాలు రాలేదు, కానీ ఆ రెండు సెకన్ల పైచిలుకు నాకు ఐదేళ్ల చదువు.

మీకు ఆసక్తి ఉంటే ముందు డాక్టరు దగ్గరికెళ్లి బీపీ, షుగర్, గుండె చూపించుకోండి. తర్వాత మీ ఊరి హైస్కూలు మైదానంలో తాడుతో ముప్పై మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. ఆరు నెలలు ఆ గుర్తుల మధ్యే ఉండండి. ఆ తర్వాత మీ జిల్లాలో మాస్టర్స్ మీట్ ఎప్పుడో కనుక్కుని పేరివ్వండి, వయసు రుజువుకు ఆధార్ పట్టుకెళ్లండి. నేను వెళ్లిన ప్రతి మీట్‌లోనూ నలభై దాటినవాళ్ల పందేల్లో ఎనిమిది లేన్లూ నిండింది లేదు. ఆడవాళ్లవైతే సగం కూడా నిండవు. ఆ లేన్లు మీకోసమే ఖాళీగా ఉన్నాయి, రండి.