వక్రరేఖలు, వాటి పేర్లు

శంకువును సమతలం ఖండించగా ఏర్పడే వక్రరేఖలకు గ్రీకు గణితవేత్త అపొలోనియస్ క్రీ.పూ. 3వ శతాబ్దంలో స్థిరపరచిన పేర్లు ఆకారాన్ని వర్ణించేవి కావు, ఒక కొలతను తెలిపేవి. రేఖమీది బిందువు నుండి అక్షానికి గీసిన లంబంపై చతురస్రం, ఒక నిర్ణీత దీర్ఘచతురస్రానికి సరిపోతే పారబొలా, తక్కువైతే ఎలిప్స్, మించితే హైపర్బొలా.

మన భాషలలోనికి వచ్చేసరికి ఈ ముగ్గురు అక్కచెల్లెండ్ర బంధుత్వం చెదిరిపోయినది. ఎలిప్స్ దీర్ఘవృత్తమైనది, ఆకారం కంటికి కట్టినది గాని, ‘తక్కువ’ అన్న భావమే లోపించినది. ఈ పద్ధతికి పూర్వాచారం లేకపోలేదు: పావులూరి మల్లన తెనిగించిన గణితసారసంగ్రహానికి కర్త అయిన మహావీరుడు 9వ శతాబ్దంలోనే ‘ఆయతవృత్త’మన్నాడు. ఇక పారబొలా హిందీలో పరవలయం, తెలుగులో పరావలయం, ధ్వనికి ధ్వని. వలయమన్న మాట చదువరిని తప్పుదారి పట్టిస్తుంది కూడ. ఆ రేఖ ఎంత దూరం పోయినా మూసుకొనదు. అతిపరావలయంలోని ‘అతి’ ఒక్కటే గ్రీకు అర్థాన్ని నిలిపినది. ఏది దేనిని మించినదో చెప్పవలసిన తక్కిన భాగం మూగది.

ఇదే గ్రీకు మాట కావ్యచర్చలో ఎదురైతే అతిశయోక్తి అని నిస్సంకోచంగా అర్థాన్ని పట్టుకొనే అనువాదకుడు, గణితంలో చెవిని నమ్మినాడు. సమ, ఊన, అధిక అనే మాటలు మన గణితానికి కొత్తవి కావు. వాటిని చేపట్టి ఉంటే విద్యార్థి మూడు పేర్లను వల్లె వేయనక్కర లేకుండా ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చుకొనేవాడు.