ఆకు వెనక లెక్క

తొలకరి పడ్డాక చేల గట్ల మీదా పెరళ్లలోనూ నేల ఉసిరి మొలుస్తుంది. పచ్చకామెర్లు అనగానే పెద్దలకు గుర్తొచ్చేది ఇదే. చిక్కేమిటంటే, ఆ పేరుతో మనం పిలిచేది ఒక్క మొక్కను కాదు. వృక్షశాస్త్రవేత్త హుకర్ అంతటివాడు కూడా 'ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా'లో దీన్ని ఫిలాంథస్ నిరూరి అనే రాశాడు. అసలు నిరూరిది అమెరికా ఖండం. మన దగ్గర ఆ పేరు చాటున అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ అనే మూడు జాతులు కలిసిపోయాయని 1985లో వృక్షశాస్త్రవేత్తలు మిత్రా, జైన్ తేల్చారు. ఇంత పొరపాటుకు కారణం, చూపు ఆకు మీదే ఆగిపోవడం. ఆకు సైజూ మొక్క ఎత్తూ నేలను బట్టి, తడిని బట్టి మారతాయి. పువ్వుల అమరిక అంత తేలిగ్గా మారదు. అవేమో ఆవగింజంత ఉండి, ఆకుల కింద వేలాడతాయి. కొమ్మను తిరగేసి భూతద్దం పెట్టాలి. రేకులు ఐదు, ఒకే ఆకు మొదట్లో ఆడపువ్వూ మగపువ్వూ జంటగా ఉంటే అమారస్. రేకులు ఆరైతే తక్కిన రెంటిలో ఒకటి. వాటిని విడదీయడానికి ఇంకాస్త ఓపిక కావాలి.

పల్లెవాళ్లకు ఇవన్నీ తెలియవా అనవచ్చు. కంటికి ఆనినంత మేరకు బాగానే తెలుసు. కాండం ఎర్రబారి, కాయ గరుకుగా ఉండేదాన్ని ఎర్ర ఉసిరిక అని వేరుచేశారు కదా! ఇక అంగళ్ల సంగతి. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో దక్షిణాదిన 25 మూలికల దుకాణాల సరుకును పరీక్షిస్తే, నాలుగింట మూడొంతుల చోట్ల దాదాపు అంతా అమారసే. మిగతా చోట్ల వేరే జాతులు కలిశాయి. ఏదైతేనేం, అన్నీ నేల ఉసిరే కదా అంటే ఒప్పుకోలేం. ఫిలాంథిన్ అనే పదార్థం అమారస్‌లో ఎక్కువ, తక్కినవాటిలో బహు తక్కువ. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి మీద అమారస్‌తో మంచి ఫలితం ప్రకటించారు. తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో అది కనబడలేదు. మందే పనిచేయలేదా, మొక్కలో తేడానా? జాతి తేలని సరుకుతో ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం.

మరి మొక్కను గుర్తుపట్టడానికి ఫోను యాప్ ఉంది కదా అంటారా? పైనుంచి తీసిన ఫొటోలో పువ్వే పడదు, అదేం చెబుతుంది పాపం. డీఎన్ఏ పరీక్ష గట్టిదే, ఎండిన పొడిని కూడా పట్టిస్తుంది. కానీ పోల్చి చూడటానికి సరైన పేరున్న నమూనా ఒకటి ముందే ఉండాలి. ఆ పేరు రాసేది కొమ్మ తిరగేసి రేకులు లెక్కపెట్టినవాళ్లే. పూతకు రాని మొక్క చేతికొస్తే వాళ్లు ఉత్త 'ఫిలాంథస్' అని రాసి, పక్కన జాతి పేరు ఖాళీగా వదిలేస్తారు.