హాస్యకథలో శ్రామికపుత్రుడు

పాఠశాలలో క్రొత్తగా చేరిన బాలుని తోడివారు ముందుగా అడుగు ప్రశ్న, “మీ నాన్న ఏం చేస్తారు?” అనునది. భిలాయి వంటి ఉక్కునగరమునందు ఈ ప్రశ్నకు బరువు హెచ్చు. అచట నివసించు క్వార్టరే తండ్రి హోదాను చెప్పును. అతడు కొలిమికడ నిలుచువాడో, కార్యాలయమున కూర్చుండువాడో వేరుగా అడుగవలసిన పని లేదు. ఆ నగరమునుండి దూరదేశపు వసతి పాఠశాలకు పోయిన బాలుడొకడు ఈ ప్రశ్నకు అబద్ధము చెప్పెననుకొందము. దానినుండి రెండు కథలు పుట్టవచ్చును. ఒకటి కన్నీటి కథ, రెండవది నవ్వుల కథ. మొదటిదానిని మనవారు పలుమారులు వ్రాసిరి. రెండవదానిని చేపట్టినవారు అరుదు. ఈ లోటును గూర్చి ఆలోచించుటకు ఒక అమెరికా చలనచిత్రము మంచి ఆధారముగా తోచుచున్నది.

వెస్ ఆండర్సన్ దర్శకత్వమున 1998లో వెలువడిన ‘రష్‌మోర్’ ఆ చిత్రము. ఓవెన్ విల్సన్‌తో కూడి దర్శకుడే కథ వ్రాసెను. తాను చదివిన హ్యూస్టన్ నగరపు పాఠశాలయందే అధికభాగము చిత్రీకరించెను. కథానాయకుడు మాక్స్ ఫిషర్ పదునైదేండ్లవాడు. తండ్రి మంగలి. ఏడేండ్ల ప్రాయమున తల్లి గతించినది. బాల్యమున కుమారుడు వ్రాసిన చిన్న నాటకమును ఆమె ప్రధానోపాధ్యాయునకు చూపగా, విద్యార్థివేతనముపై అతనికి ధనికుల పాఠశాలలో చోటు దొరకినది. మాక్స్ అచట వసించువాడు కాడు. తండ్రి యింటినుండియే పోవుచుండును. అయినను ఏ వసతిగృహవాసియు చేయనంతగా ఆ పాఠశాలనే తన యిల్లు చేసికొనెను. ఫ్రెంచి సంఘమునకు, తేనెటీగల పెంపక సంఘమునకు, నాటక సమాజమునకు అతడే ప్రముఖుడు. చదువునందు మాత్రము అందరికంటె వెనుక. తండ్రిని గూర్చి అడిగినవారికి ఆయన మెదడు శస్త్రవైద్యుడని చెప్పుకొనును.

ఈ అబద్ధమే చిత్రమునకు ప్రాణము. దీనిని దర్శకుడు నడిపిన తీరు గమనింపదగినది. మాక్స్ తన తండ్రిని ద్వేషింపడు. మంగలి దుకాణమున తండ్రియెదుట కూర్చుండి, ఏ దాపరికమును లేక మాటలాడును. సిగ్గు తండ్రివలన పుట్టినది కాదు. పాఠశాల గుమ్మము దాటగనే పుట్టినది. తలవెండ్రుకలు కత్తిరించువానిని తలను కోయు వైద్యునిగా మార్చుటలో బాలుని కల్పనాశక్తియు, అతని అమాయకత్వమును ఒక్కమారే వెల్లడియగుచున్నవి. తండ్రి వృత్తిని పూర్తిగా విడనాడుటకు అతనికి మనసొప్పలేదు. కత్తిని మాత్రము మార్చెను.

తరువాత కథ వేగముగా సాగును. చిన్న తరగతుల ఉపాధ్యాయిని క్రాస్ అను వితంతువును మాక్స్ ప్రేమించును. ఆమె మెప్పు కొరకు బేస్‌బాల్ ఆటస్థలమున అనుమతి లేకయే మత్స్యప్రదర్శనశాలకు పునాది తీయించి, పాఠశాలనుండి వెడలగొట్టబడును. అతనికి స్నేహితుడైన బ్లూమ్ ఉక్కు కర్మాగారమునకు యజమాని. ధనికుల బిడ్డలను గురిపెట్టి పడగొట్టుడని ప్రార్థనామందిరమున పేదవిద్యార్థులకు ఉపదేశించినవాడతడే. ఉపదేశము విని ఉప్పొంగినవాడు మాక్స్. తీరా ఆ యిద్దరే ఒక స్త్రీకొరకు శత్రువులగుదురు. తేనెటీగలను గదిలోనికి వదలుట, సైకిలును కారుతో నలిపివేయుట మొదలగు చేష్టలతో నడివయస్సు కోటీశ్వరుడును పదునైదేండ్ల పేదబాలుడును ఒక్క యెత్తునకు దిగివత్తురు. ఉన్నవానికిని లేనివానికిని నడుమనున్న అంతరమును ఉపన్యాసము తొలగింపలేదు, వెఱ్ఱితనము తొలగించినది.

భరతుడు హాస్యరసమును చెప్పుచు, వికృతమైన వేషమువలన, వాక్కువలన, చేష్టవలన అది పుట్టునని నిర్ణయించెను. స్త్రీలయందును నీచప్రకృతులయందును అది అధికముగా కనబడుననియు, ఉత్తములకు స్మితహసితములు, అధములకు అపహసితాతిహసితములు తగుననియు విభాగించెను. ఈ విభాగమున తక్కువ కులవృత్తులవాడు నవ్వులపాలగుట కలదు గాని నాయకుడగుట లేదు. ‘రష్‌మోర్’ సాధించినది సరిగా ఇచటనే. మంగలి కొడుకు ఇందు నవ్వునకు ఆలంబనము; నాయకుడును అతడే. అతని డాంబికమును చూచి నవ్వుదుము. కాని ఆ నవ్వు అతనిని క్రిందికి త్రోయదు. మనలోని అట్టి డాంబికమును గుర్తు చేయును.

అబద్ధము బయటపడు ఘట్టము ఇందుకు సాక్ష్యము. సర్వమును పోగొట్టుకొని, చదువు మాని, మాక్స్ తండ్రి దుకాణమున పనిచేయును. పిదప తేరుకొని, బ్లూమును అచటికి తీసికొనిపోయి, ఈయన మా నాన్న అని పరిచయము చేయును.  ఏడ్పు లేదు, క్షమాపణ లేదు, తండ్రి నీతిబోధ లేదు. కోటీశ్వరుడు కుర్చీలో కూర్చుండి క్షౌరము చేయించుకొనును. సామాన్య రచయిత ఇచట రెండు పుటల దుఃఖమును నింపియుండును. ఈ దృశ్యపు సంయమనమున ఉన్నంత గౌరవము ఆ దుఃఖమున ఉండెడిది కాదు.

చిత్రమునకు లోపములు లేకపోలేదు. మాక్స్ రంగస్థలముపై జరిపించు ప్రేలుళ్లకును యుద్ధదృశ్యములకును డబ్బెక్కడిదను ప్రశ్న ఎన్నడును రాదు. బీదతనము సిగ్గును కలిగించును గాని కడుపును కాల్చదు. బ్లూము కర్మాగారమున పనివారు వెనుక తెరగా మిగిలిరి. పాఠశాల తోటపనివాడు లిటిల్‌జీన్స్‌గా నటించిన కుమార్ పల్లానా మన ఇండోరున జన్మించి అమెరికా చేరిన గారడీ విద్వాంసుడు, 2013లో గతించెను. ఆయన ముఖమున ఒక జీవితకథ యంతయు కనబడుచుండగా, చిత్రము ఆయనచేత నాలుగు మాటలు పలికించి ఊరకుండెను. ఒక శ్రామికుని గూర్చి యింత చక్కగా నవ్వించిన కన్ను తక్కినవారిపై నిలువలేదు.

మన దేశమున ఈ వస్తువునకు దగ్గరగా వచ్చిన రెండు హిందీ చిత్రములను ప్రక్కన నుంచి చూచిన విషయము స్పష్టపడును. విక్రమాదిత్య మోత్వానే రూపొందించిన ‘ఉడాన్’ (2010) సిమ్లా వసతి పాఠశాలలో మొదలగును. రాత్రివేళ గోడ దాటి సినిమాకు పోయిన బాలురు పట్టువడి బహిష్కృతులగుదురు. అంతవరకు అల్లరియు నవ్వును కలవు. నాయకుడు రోహన్ మరొక ఉక్కునగరమైన జంషెడ్‌పూరులోని తండ్రియొద్దకు చేరగనే నవ్వు ఆగిపోవును. తండ్రి క్రూరుడు, కర్మాగారము కారాగారము, పారిపోవుటయే మోక్షము. రాహుల్ బోస్ తీసిన ‘పూర్ణ’ (2017) మన తెలుగునేలకు చెందినది. నిజామాబాదు ప్రాంతపు గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేండ్ల వయస్సున ఎవరెస్టు శిఖరము నెక్కిన యథార్థగాథ అది. మొదటిది వేదన, రెండవది విజయము. రెండును ఆదరింపదగినవే. కాని పేదయింటి బిడ్డ వ్యథపడవలెను, లేదా శిఖరము నెక్కవలెను అను రెండు దారులే మిగిలినచో, నడుమనున్న లక్షలాది బిడ్డల కథ యేది? తప్పులు చేసి, గొప్పలు చెప్పి, నవ్వులపాలై, నెమ్మదిగా మనుష్యుడగు హక్కు వారికి లేదా?

తెలుగున హాస్యనాయకులకు కొదువ లేదు. చిలకమర్తివారి గణపతి, మొక్కపాటివారి పార్వతీశము మన నాలుకలపై నున్నారు. 1924లో వెలువడిన ‘బారిష్టరు పార్వతీశము’ ప్రథమభాగము, ఊరు విడిచి చదువునకు బయలుదేరిన యువకుని తెలివితక్కువతనమును ప్రేమతో చూపిన గ్రంథము. కాని పార్వతీశమునకు వెనుక ఒక ఇల్లు కలదు, కొంత భూమి కలదు. అతడు తప్పిపోయినను తిరిగి రాగలడు. మొగల్తూరు అతనికొరకు వేచియుండును. ఒక్క తప్పునకే చోటు పోగొట్టుకొనవలసిన విద్యార్థివేతనపు బాలుని హాస్యము వేరు. ఆ నవ్వున భయము కలిసియుండును. సర్వేలులో 1971లో గురుకుల విద్య మొదలైన నాటినుండి, 1986 తరువాత నవోదయ విద్యాలయములు వచ్చిన నాటినుండి, అట్టి భయముతో నవ్విన తెలుగు బిడ్డలు ఎన్ని వేలమందియో!

భిలాయి ఈ వస్తువునకు అనువైన నేల. 1955లో సోవియట్ దేశముతో ఒప్పందము కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ప్రారంభించిరి. నానారాష్ట్రములనుండి వచ్చినవారితోపాటు ఉత్తరాంధ్రమునుండియు కుటుంబములు తరలివచ్చి అచట స్థిరపడినవి. జోనథన్ పారీ అను మానవశాస్త్రజ్ఞుడు చిరకాలము ఆ నగరమును పరిశీలించి 2020లో ప్రకటించిన గ్రంథమున ఒక భేదమును నిరూపించెను: అచటి జనులు ‘నౌకరి’ అనునది వేరు, ‘కామ్’ అనునది వేరు. మొదటిది కర్మాగారపు స్థిరోద్యోగము. రెండవది గుత్తేదారు క్రింది కూలి. ఒకే కొలిమి వేడిమిని భరించువారైనను ఈ రెండు తెగలవారు రెండు వర్గములుగా విడిపోయిరి.

తెలుగు రచయితకు ఇచట ఒక వరము దాగియున్నది. భిలాయి బాలుడొకడు ఆంధ్రదేశపు వసతి కళాశాలకు వచ్చి, “మా నాన్నకు స్టీల్ ప్లాంటులో నౌకరి” అని గర్వముతో చెప్పెననుకొందము. వినువారి చెవికి ‘నౌకరు’ అని సోకును, వారు నవ్వుదురు. తన ఊర గొప్పదైన మాట మాతృభాషలో ఎట్లు చిన్నబోయెనో అతనికి తెలియదు. మరునాటినుండి తండ్రిని ఇంజనీరును చేయును. అదే గదిలో గుత్తకూలి కొడుకు ఉండి, ఆ అబద్ధమును ఎరిగియు ఊరకుండెనేని, కథ మరింత చిక్కనగును. ఏలయన అతని దృష్టిలో స్థిరోద్యోగి కొడుకే దొరబిడ్డ. ఎవడు శ్రామికపుత్రుడను ప్రశ్న అప్పుడు ఉపన్యాసముగా గాక, పడకల నడుమ గుసగుసగా వినిపించును.

శ్రామికుని గూర్చి జాలితో వ్రాయుట తేలిక. కోపముతో వ్రాయుట మనకు అలవాటైనది. ఈ రెండింటియందును పాఠకుడు తీరముననే నిలిచియుండును. ప్రేమతో నవ్వవలెననినచో దగ్గరకు పోవలెను. ఆ యింటి కంచము, ఆ తండ్రి చొక్కామీది మసి, ఆ బాలుని అబద్ధములోని లెక్క తెలియవలెను. ‘రష్‌మోర్’ మనకు అనుకరింపదగిన మాదిరి కాదు. దాని ధనికపాఠశాల మనది కాదు, దాని నిశ్చింత మనది కాదు. కాని మంగలి దుకాణమున ఆ ఒక్క మాటను తేలికగా చెప్పించిన ధైర్యము మనము నేర్వదగినది. కొలిమికడ నిలిచిన తండ్రిని ఆ మాటతో పరిచయము చేయు కొడుకు మన సాహిత్యమున ఇంకను రావలసియున్నాడు.