యముని నవ్వినవారు, వ్రాతను నవ్వనివారు

మొన్నటి సంక్రాంతికి మా పూర్వవిద్యార్థి యొకడు హైదరాబాదు నుండి రాజోలు వచ్చి, మా యరుగు మీద గూర్చుండి, తాను చూచిన యొక యాంగ్లచిత్రమును గూర్చి గంటసేపు ముచ్చటించెను. దాని పేరు ‘బ్రైట్’. 2017 డిసెంబరులో నెట్‌ఫ్లిక్సు వారు విడుదల చేసినది. లాసేంజిలిసు నగరములో మనుష్యులతోబాటు ఎల్ఫులను సంపన్నజాతియు, ఆర్కులను హీనముగా చూడబడు జాతియు కాపురముండును. విల్ స్మిత్ ధరించిన మానవుడగు పోలీసునకు ఒక ఆర్కు తోడిపోలీసుగా వచ్చును. తనవారు వానిని ద్రోహి యందురు. ఠాణాలోనివారు వానిని దగ్గరకు రానీయరు. ఈ ఇద్దరి చేతికి ఒక మంత్రదండము చిక్కుటయు, ఊరిలోని దుష్టులందరును వారిని తరుముటయు కథ. చెప్పుట ముగించి మావాడు, “ఇలాంటిది మన తెలుగులో రాలేదండీ మేష్టారూ” అని నిట్టూర్చెను.

వాని ఫోనులోనే ఆ చిత్రమును రెండు రాత్రులలో చూచితిమి. అది వచ్చిన దినములలో విమర్శకులు దానిని తూర్పారబట్టిరి. అయినను మొదటి మూడు దినములలోనే అమెరికా దేశములో 1 కోటి 10 లక్షల మంది దానిని చూచిరని నీల్సన్ సంస్థవారు లెక్క తేల్చిరి. కొందరు ప్రేక్షకులు నిజముగా బాధపడు నొక జాతికి బదులు కోరలుగల కల్పితజాతిని నిలుపుట ఆ బాధితులకే అవమానమనిరి. తక్కినవారు, పోలీసులు పరుగెత్తుచున్నారు, తుపాకులు మ్రోగుచున్నవి, ఇంతకంటె శనివారము రాత్రికి కావలసినదేమి యనిరి. మావాడు రెండవ పక్షము వాడు.

మా యభ్యంతరము వేఱు. పుట్టుకను బట్టి ఒకనిని తక్కువ చేయరాదని ఆ చిత్రము రెండు పాళ్లు చెప్పును. మూడవ పాలులో మంత్రదండమును పట్టుకొనియు చావక నిలువగల శక్తి ఆ మానవునకు పుట్టుకతోనే యున్నదని బయటపడును. ఆర్కునకు తనవారు తల వంచుటయు వాని నడతను చూచి కాదు. చచ్చి బ్రతికిన వాడొకడు వచ్చునను పాతజోస్యమునకు వాడు సరిపోయినందున. ఇంటిలో నుండి త్రోలివేసిన దానినే పెరటి వాకిట పీట వేసి కూర్చుండబెట్టినట్లయినది. జిల్లాకు అంబేద్కరుని పేరు పెట్టుట విషయమై 2022 మే 24 నాడు అమలాపురములో ఇండ్లు తగులబడుటను చూచిన ప్రాంతమువారము. ఇట్టి ముగింపును వినోదమని విడిచిపెట్టుట మాకు సాధ్యము కాలేదు. ఈ మాట చెప్పగా మావాడు కొంతసేపు ఊరకుండి, “అంతలోతుగా ఎవరు చూస్తారండీ” అనెను.

ఇక తెలుగులో నిట్టివి రాలేదనుట. వీడు మరచినాడు గాని, మనకు ఇట్టి జంట సినిమా పుట్టకమునుపే యున్నది. యముడు దండధరుడు; చిత్రగుప్తుడు పద్దు వ్రాయువాడు. ఠాణాలో నొకరు లాఠీ పట్టగా నొకరు కాగితము పట్టుట కంటె ఇది వేఱు కాదు. ఈ ఉద్యోగుల లోకమును మనవారు వెండితెరపై పలుమారులు చూపిరి. 1960లో వచ్చిన ‘దేవాంతకుడు’లో ఎస్.వి. రంగారావుగారు యముడు. 1977 నాటి ‘యమగోల’లో సత్యనారాయణగారు యముడు, అల్లు రామలింగయ్యగారు చిత్రగుప్తుడు, అందు రామారావుగారు నరకమునకు పోయి అక్కడి కింకరులనే కూడగట్టి హక్కులడుగుట నేర్పిరి. 1988లో ‘యముడికి మొగుడు’ వచ్చెను. అటుపిమ్మట 1994లో ఎస్.వి. కృష్ణారెడ్డిగారి ‘యమలీల’ వచ్చెను. ఈ కడపటి చిత్రములో యముడును చిత్రగుప్తుడును తమ భవిష్యవాణి గ్రంథమును జారవిడుచుకొని, దానిని వెదకుచు మన నగరవీథులకు దిగుదురు. పోయిన దస్త్రము కొఱకు పై యధికారికి జడియుచు వీథివీథి తిరుగు నిద్దరు పోలీసుల కథయే అది. కాకున్న, ఒకరికి కిరీటము కలదు.

యమలీలను మేము 1994 వేసవిలో చూచితిమి. అప్పటికి మాకు పండ్రెండేండ్లు. మా నాయనమ్మ మమ్ము వెంటబెట్టుకొని, పంటు మీద వైనతేయము దాటి, బస్సెక్కి అమలాపురము తీసికొనిపోయెను. ఆమె పదేండ్ల వైధవ్యములో సినిమాకు వచ్చుట అదియే మొదలు. హాలులో ఆడువారి వైపున కూర్చుండి, సత్యనారాయణగారు ఆ గదతోను ఆ గొంతుతోను నగరమధ్యమున నిలిచి ఐసుక్రీమునకు ఆశపడి దానికి ‘హిమక్రీములు’ అని సంస్కృతపు కోటు తొడిగినప్పుడు, ఆమె నవ్విన నవ్వును మేము మరువలేదు. కొంగు నోట గుక్కుకొని, కన్నీరు కారునట్లు నవ్వెను. దీనికొక కారణము మాకు పెద్దయిన పిదప తెలిసెను. తాతగారు పోయినప్పుడు పన్నెండవనాటి దానములకును, వైతరణి దాటించు గోదానమునకును ఆమె పెరటి కొబ్బరిచెట్ల ఫలసాయమును మూడేండ్లకు ముందుగానే అమ్ముకొనినదట. ఎవని భయమున ఆ చెట్లు పోయినవో, వాడు తెరమీద పుల్ల ఐసుక్రీమునకు చేయి చాచుచుండెను. ఆ మధ్యాహ్నము ఆ లెక్కలో కొంత ఆమెకు తిరిగి వచ్చినదని మా యూహ.

ఊరికి వచ్చిన తరువాత మా పెదనాన్నగారు, వేదము చదివినవారు, మండిపడిరి. దక్షిణదిక్పాలకునిచే ఐసుక్రీము నాకించుట అపచారమనిరి. అట్లనువారు నేటికిని కలరు. ఏ యముని చిత్రము వచ్చినను ఈ మాట వినబడును. సంస్కృతము చదివినవారికి ఇది శోభింపదు. కఠోపనిషత్తులో మూడు రాత్రులు తిండిలేక తన గుమ్మమున పడియున్న బాలునికి యముడే నమస్కరించి, తప్పిదమునకు పరిహారముగా మూడు వరములిచ్చును. ఒక కుఱ్ఱవాని ముందు నొచ్చుకొనగల దేవుడు పిల్లల ముందు నవ్వులపాలగుటకు జంకునా? ఆయన గౌరవము మనము కాపాడవలసినంత బలహీనమైనది కాదు. మఱియొక పక్షమువారు, “హాస్యచిత్రమండీ, దీనిలో అర్థం వెదకడమేమిటి” అందురు. ‘బ్రైట్’ను గూర్చి మావాడనిన మాటయే ఇది. నవ్వినప్పుడు మనము దేనిని నవ్వితిమో, ఎక్కడ నవ్వు మానితిమో చూచుకొనుట వలన నవ్వునకు నష్టము లేదు.

మేము చెప్పదలచినది ఈ నవ్వు మానిన చోటును గూర్చియే. ఆ హాలులో యమునికి ఎవరును వెఱవలేదు. చిత్రగుప్తునిగా బ్రహ్మానందముగారు కనులు త్రిప్పినంతనే బెంచీలవారు ఈలలు వేసిరి. కాని అలీ పోషించిన కుఱ్ఱవాడు ఆ గ్రంథమును తెరచి, తాను ప్రాణముగా చూచుకొను తల్లికి మరణము సమీపించినదని చదువుకొనినప్పుడు హాలంతయు నిశ్శబ్దమాయెను. నాయనమ్మ మా చేతిని గట్టిగా పట్టుకొని, “కళ్లు మూసుకోరా నాయనా” అనెను. ఆ గ్రంథము మాత్రము ఎవరికిని హాస్యము కాలేదు. అది చెప్పునది జరుగుచుండుట వలననే కథ నడచును; ప్రేక్షకులు దానిని కథకొఱకు ఒప్పుకొనిన నియమముగా గాక, తమ యింటి సత్యముగా తీసికొనిరి. దేవుని నవ్విరి, వ్రాతకు చేతులు జోడించిరి.

ఈ విషయమున యమలీల కంటె ‘యముడికి మొగుడు’ మేలని మా యభిప్రాయము, హాస్యపు నాణ్యములో అది తక్కువదైనను. అందు కథానాయకుని కాలము తీరకయే పొరబాటున యమలోకమునకు కొనిపోవుదురు. అతడు తన పద్దు చూపుమని నిలదీయును; తప్పు బయటపడును. ఆ కొలువులో వ్రాతగాడు తప్పుచేయవచ్చును, చేసిన దానికి జవాబు చెప్పవలెనను శంక అక్కడ పుట్టినది. చిరంజీవి గారి పోరాటములకు చప్పట్లు కొట్టినవారు ఆ శంకను ఎంతవరకు ఇంటికి తెచ్చుకొనిరో చెప్పలేము. అయినను విత్తు పడినది.

పెదనాన్నగారికి ప్రీతియైన సావిత్రి కథనే చూడుడు. ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వభాగములో నున్నది. సత్యవంతుడు సంవత్సరములో మరణించునని నారదుడు పెండ్లికి ముందే చెప్పెను. అనగా ఆ బాలికయు భవిష్యవాణి విన్నదే. విని, దినములు లెక్కించుకొని, గడువు దగ్గరపడగా మూడు రాత్రులు ఉపవసించి, ఆ దినమున భర్త వెంట అడవికి నడచెను. యముని మాటలలో దింపి మగని మరలించుకొనెను. తేదీ ముందుగా తెలియుట ఆమెకు హెచ్చరిక యైనది గాని తీర్పు కాలేదు. మన యిండ్లలో ఆ కథను పాతివ్రత్యమునకు చెప్పుదురు. ఆమె లెక్క పెట్టుకొనిన దినములను గూర్చి ఎవరును చెప్పరు.

కోనసీమలో నున్నవారికి ఇది పుస్తకముల తగవు కాదు. యమలీల చూచిన రెండేండ్లకు, 1996 నవంబరు 6 రాత్రి, తుపాను మామీదుగా పోయెను. వేయిమందికి పైగా చనిపోయిరి. సముద్రములోనికి పోయిన పడవలు అనేకము మరలి రాలేదు. తీరగ్రామములలో ఉప్పెన నీరు ఇండ్లలో జొచ్చెను. కొబ్బరిచెట్లు లక్షలుగా ఒక దిక్కునకే పడినవి. మా పెరటిలో పదునొకటింటికి మూడు మిగిలెను. తెల్లవారి ఏ యింటి ముందు నిలిచినను వినవచ్చిన మాట యొకటే: “అలా రాసిపెట్టి ఉంది.” శవము ముందు కూర్చుండినవారికి ఆ మాట తప్ప వేఱు ఆధారము లేదు; అప్పుడు దానిని కాదనుట క్రూరత్వము. చిక్కు ఏమనగా, ఆ మాట శవము ముందు ఆగదు. తరువాతి తుపానునకు ముందుగానే వచ్చి అరుగు మీద కూర్చుండును. డప్పు వేయించినను, ఫోనులలో వార్త పంపినను, కదలనివారి నోట అదియే జవాబు.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చినప్పుడు దీనిని మరల వింటిమి. ఆ రాత్రి అది నరసాపురము ప్రాంతమున తీరము దాటెను. రెండు మూడు దినములు ముందుగానే అందరకును దాని సంగతి తెలియును. మా బడిని పునరావాస కేంద్రముగా చేసిరి. మేమును సచివాలయపు కుఱ్ఱవారిద్దరును మధ్యాహ్నము నుండి కాలువగట్టు ఇండ్ల తలుపులు తట్టితిమి. చాలమంది వచ్చిరి, వెనుకటి తరము కంటె ఇది మేలు, ఒప్పుకొనవలెను. పెంకుటింటిలో ఒంటరిగానున్న ముసలివాడొకడు మాత్రము చుట్ట కాల్చుకొనుచు, “రాసుంటే మీ బడిలో ఉన్నా పోతానండీ. లేకపోతే ఇక్కడున్నా ఉంటాను. ఎందుకండీ శ్రమ” అని మమ్ము సాగనంపెను. సంస్కృతము వచ్చియు, ఆంగ్లము వచ్చియు, ఆయనకు చెప్పుటకు మాకు మాట దొరకలేదు. సావిత్రి కథ చెప్పుటకు అది సమయము కాదు.

చీకటి పడిన తరువాత కరెంటు పోయెను. తరగతి గదిలో చాపలు పరచి పిల్లలను కూర్చుండబెట్టితిమి. గాలి పెంకులను ఎత్తి వేయుచున్న చప్పుడునకు చిన్నవారు ఏడ్వసాగిరి. అప్పుడు తొమ్మిదవ తరగతి పిల్ల యొకతె తన యన్న ఫోనులో దాచియుంచిన సినిమా నొకదానిని తీసి నల్లబల్లకు ఆనించి పెట్టెను. యమలీల! వారి పుట్టుకకు పదునేడేండ్లు ముందటిది. ముప్పదిమంది ఒక అరచేతి యంత తెర ముందు ఒకరి భుజముపై నొకరు వాలి చూచిరి. హిమక్రీముల వద్ద మా నాయనమ్మ నవ్వినట్లే నవ్విరి. బయట గాలి వినబడలేదు.

తొమ్మిది గంటల వేళ ఆ ముసలివానిని మనుమరాలు చేయి పట్టి లాగుకొనివచ్చెను. తడిసి ముద్దయై, మమ్ము చూచి, చూడనట్లు పోయి, పిల్లల వెనుక గోడకు చేరబడెను. ఎవరో తువ్వాలిచ్చిరి. తల తుడుచుకొనుచు అతడును తెర వైపు చూచుచుండెను. కుఱ్ఱవాడు గ్రంథము తెరచి తల్లి సంగతి చదివెను. పిల్లలు నిశ్శబ్దమైరి. మేము 1994 నాటి చేయిని మరల మా చేతిపై ఎఱిగితిమి.

ముసలివాడు గొంతు సవరించుకొని, “ఆ పుస్తకమేదో గోదాట్లో పారేస్తే పోయేది కదర్రా” అనెను.

“పారేస్తే సినిమా ఎలా ఉంటది తాతా” అని ఒక పిల్లవాడు వెనుకకు తిరుగకయే జవాబు చెప్పెను.